ఒకే మాటకి వేసిన రెండు మార్కులు

ఏలూరులో ఒక బి.ఎడ్. కాలేజీలో చాలా ఏళ్ళుగా పాఠం చెప్తున్నాను. పరిశోధన ఎలా చెయ్యాలన్నది నా పేపరు. అందులో ఒక యూనిట్ మొత్తం, పరిశోధకుడికి తెలియకుండానే అతని మనసులో ఉండిపోయే మొగ్గు గురించి ఉంటుంది. ఇంగ్లీషులో అన్‌కాన్షస్ బయాస్ అంటాం. అది ఎన్ని రకాలో, ఎలా గుర్తుపట్టాలో, ఎలా తగ్గించుకోవాలో బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు నోట్సులో ఎక్కించుకునేవారు. ఆ యూనిట్ చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ తడబాటు ఉండేది కాదు. నాకు బాగా వచ్చిన పాఠం అదే అనుకునేదాన్ని.

నలభై దాటాక పిహెచ్‌డి మొదలుపెట్టాను. పిల్లల చదువు మీద తల్లిదండ్రులకి ఎంత ఆసక్తి ఉంది, అది ఇంటిని బట్టి, ఊరిని బట్టి ఎలా మారుతుంది అన్నది విషయం. రెండు చోట్లు ఎంచుకున్నాను. ఒకటి తాడేపల్లిగూడెంలో ఉద్యోగస్తులు, టీచర్లు, పౌరోహిత్యం చేసుకునేవాళ్ళు ఉండే నాలుగు వీధులు. అది నేను పుట్టి పెరిగిన ఊరు, మేం గూడెం అంటాం. రెండోది మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉన్న ఒక లంక గ్రామం. అక్కడ దాదాపు అందరూ చేపల చెరువుల మీద బతికేవాళ్ళే.

ప్రతి ఇంటికీ వెళ్ళి తల్లితోనో తండ్రితోనో గంటసేపు మాట్లాడాలి. ఫోన్‌లో రికార్డు చెయ్యాలి. ఇంటికొచ్చి ఆ మాటలన్నీ కాగితం మీద పెట్టి, ఆసక్తికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వెయ్యాలి. మనుషులతో మాట్లాడటం నాకు ఇష్టం కాబట్టి ఆ పని నాకు కష్టమనిపించలేదు. గూడెంలో అయితే కాఫీ ఇచ్చేవారు, మా నాన్నగారి సంగతులు అడిగేవారు. ఆయన చాలాకాలం ఆ వీధుల్లో పెళ్ళిళ్ళు, వ్రతాలు చేయించారు. లంకకి వెళ్ళాలంటే ఏలూరు నుంచి కైకలూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఇంకో బస్సు, ఆ పైన చెరువు గట్ల మీద ఆటో. వానల్లో ఆ గట్టు జారుడు. చేపల మేతకి తెచ్చిన తవుడు బస్తాల వాసన చీరకి పట్టుకుని ఇంటిదాకా వచ్చేది.

ఆ లంకలో ఒకావిడ ఉండేది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. భర్త యాక్సిడెంట్లో నడుం దెబ్బతిని ఇంట్లోనే ఉంటున్నాడు. ఈవిడ పట్టుబడికి వెళ్తుంది. అంటే చెరువులో చేపలు పట్టే రోజున తెల్లారకుండానే వెళ్ళి, వలలోంచి తీసిన చేపల్ని సైజు వారీగా ఏరి ట్రేల్లో సర్ది ఐసు వేసే పని. కూతురు అప్పుడు ఎనిమిదో తరగతి. నేను వెళ్ళిన రోజు ఆవిడ పని నుంచి అప్పుడే వచ్చి, కాళ్ళు కడుక్కుని, నాకు కుర్చీ వేసి, తను గడప మీద కూర్చుంది. అడిగినవాటికి తక్కువ మాటల్లో జవాబు చెప్పింది. ఆ ఇంటికి నేను రెండు మార్కులు వేశాను.

రిపోర్టు తయారైంది. గూడెం ఇళ్ళకి మంచి మార్కులు, లంక ఇళ్ళకి తక్కువ మార్కులు. ఇందులో నాకు ఆశ్చర్యం ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆశ్చర్యం అనిపించకపోవడం దగ్గరే నేను ఆగి ఉండాల్సింది.

అదే ఏడు ఒక ప్రభుత్వ ఆఫీసు వాళ్ళు సాయంత్రం పూట చదువుకునే కేంద్రాలు పెట్టాలనుకున్నారు. స్కూలు అయ్యాక పిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఒక గది, లైట్లు, ఒక ట్యూటరు. డబ్బు తక్కువగా ఉంది, అన్ని ఊళ్ళకీ ఇవ్వలేరు. మా గైడు గారు నా రిపోర్టు కాపీ ఒకటి అక్కడి ఆఫీసరు గారికి ఇచ్చారు. తల్లిదండ్రులు సహకరించే ఊళ్ళలో ముందు పెడదాం అని వాళ్ళు నిర్ణయించారు. లంక పేరు జాబితాలో ఉండేది. నా రిపోర్టు చదివాక తీసేశారు. ఆ కేంద్రం గూడెం పక్కనున్న ఒక ఊరికి వెళ్ళింది. నా పరిశోధన ఎవరికో ఉపయోగపడిందని ఆ రోజు నేను సంతోషించాను. ఇంట్లో పాయసం కూడా చేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ చేశాను.

మరుసటి ఏడాది ఆ విషయం మీద ఒక వ్యాసం అచ్చయింది. దాన్ని పెంచి థీసిస్‌గా రాయాలని మా కాలేజీలోనే స్టాటిస్టిక్స్ చెప్పే అమ్మాయి సాయం అడిగాను. కామవరపుకోట వైపు నుంచి వచ్చింది. నాకంటే బాగా చిన్నది, నెమ్మదస్తురాలు. నా పట్టికలన్నీ రెండు రోజులు చూసి, స్టాఫ్ రూములో నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈ మార్కులు ఎవరు వేశారండీ మేడం?"

"నేనేనమ్మా."

"మీరొక్కరేనా? ఇంకెవరితోనైనా వేయించారా?"

"ఇంకెవరు వేస్తారు? మాట్లాడింది నేనే కదా, నాకే కదా తెలిసేది."

ఆ అమ్మాయి పెన్నుకి మూత పెట్టింది. "ఒక పని చేద్దామా అండీ? కొన్ని ఇళ్ళ కాగితాలు నేను మళ్ళీ టైప్ చేసి ఇస్తాను. ఊరు, పని, పేర్లు తీసేస్తాను. యాస కూడా అందరిదీ ఒక్కలాగే మార్చేస్తాను. ఎవరిదో తెలియకుండా మీరు మళ్ళీ మార్కులు వెయ్యండి. వ్యాసాలకి ఇలా చేస్తే బలంగా ఉంటుంది."

నేను నవ్వి ఒప్పుకున్నాను. ఈ పద్ధతి నేనే ఏటా పాఠం చెప్పేది. నా దాకా వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

కాగితాలు ఇచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మార్కులు వేసి సోమవారం ఇచ్చాను. మంగళవారం కాలేజీ అయిపోయాక, అందరూ వెళ్ళాక, నా పాత మార్కులు, కొత్త మార్కులు పక్కపక్కన పెట్టి చూపించింది. గూడెం ఇళ్ళకి నా చెయ్యి కిందికి దిగింది. లంక ఇళ్ళకి పైకి వెళ్ళింది. ఒకటి రెండు చోట్ల కాదు, కాగితం పొడుగునా అలాగే ఉంది.

"తప్పులు పడుంటాయేమో," అన్నాను.

ఆ అమ్మాయి వాదించలేదు. రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టింది. నా పాత కాగితాలే, నా చేతిరాతతోనే. ఒకటి గూడెంలో ఒక బ్యాంకు ఉద్యోగి భార్య మాటలు. పాప చదువు ఎలా సాగుతోంది అని అడిగితే ఆవిడ, "నాకేం తెలుస్తుందండీ, మాస్టారే చూసుకుంటారు కదా," అంది. పక్కన నేను రాసుకున్న గమనిక: బడి మీద నమ్మకం, ఉపాధ్యాయుడి పట్ల గౌరవం. నాలుగు మార్కులు.

రెండోది లంకలో గడప మీద కూర్చున్న ఆవిడది. "నాకేం తెలుత్తదండి, మాస్టారే చూసుకుంటారు కదండి." పక్కన నా గమనిక: పట్టించుకోవడం లేదు, బాధ్యత బడి మీదకి నెట్టేయడం. రెండు మార్కులు.

ఆ రెండు కాగితాలూ ఎంతసేపు చూశానో గుర్తులేదు. వాచ్‌మన్ వచ్చి తలుపులు వేసుకోవాలండీ అంటే లేచాం.

ఇంటికి వెళ్ళాక పాత రికార్డింగులు వినడం మొదలుపెట్టాను. వారం రోజులు విన్నాను. రాసిన కాగితాల్లో లేనిది వినడంలో తెలిసింది. గూడెంలో నా గొంతు, "ఏవండీ, పాపకి లెక్కల్లో మీరే సాయం చేస్తారా?" అని అడుగుతోంది. లంకలో అదే గొంతు, "ఏమ్మా, పిల్ల చదువు సంగతి ఏమైనా పట్టించుకుంటావా?" అంటోంది. ఒకరితో మీరు, ఒకరితో నువ్వు. అక్కడ నా కంటే వయసులో పెద్దదైన ఒక ముసలావిడతో కూడా నువ్వు అనే మాట్లాడాను. మావైపు మనుషులం ఎవరినైనా అండీ అనే పిలుస్తామని గర్వంగా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకునేదాన్నే. ప్రశ్న నా నోట్లోంచి వస్తున్నప్పుడే జవాబుకి ఎంత మార్కు పడాలో తేలిపోయింది. మార్కు వెయ్యడం అన్నది తర్వాత చేసిన లాంఛనం మాత్రమే.

ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. మా నాన్నగారు నేను చదివిన బడికి ఒక్కసారి కూడా రాలేదు. నేను ఏ క్లాసో ఆయనకి సరిగ్గా తెలిసేది కాదు. ఎవరైనా అడిగితే, మాస్టారు ఉన్నారు కదా అనేవారు. ఆయనకి చదువంటే ఆసక్తి లేదని లోకంలో ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు.

మా గైడు గారి దగ్గరికి వెళ్ళాను. రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్న పెద్దమనిషి, నన్ను కూతురిలా చూసేవారు. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, ప్రతి పరిశోధనలోనూ పరిమితులు ఉంటాయి. చివరి అధ్యాయంలో ఒక పేరా రాయి. మార్కులు ఒక్కరే వేశారు అని. సరిపోతుంది."

"కేంద్రం ఇంకో ఊరికి వెళ్ళిపోయిందండీ."

"అది మన చేతిలో లేదు కదమ్మా. వాళ్ళు ఒక్క నీ రిపోర్టు చూసే ఇచ్చారంటావా? వాళ్ళకి వంద కారణాలు ఉంటాయి."

ఆయన నన్ను ఓదార్చడానికే అన్నారు. వ్యాసం వేసిన పత్రికకి సవరణ పంపాను. చాలా నెలలకి, ఒక సంచిక చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో నాలుగు లైన్లు వేశారు. దాన్ని చదివామని నాతో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

ఆఫీసరు గారిని కలవడానికి మూడుసార్లు తిరిగాను. మూడోసారి దొరికారు. టీ తెప్పించారు. నా రిపోర్టులో మార్కులు తప్పని, లంకని జాబితాలోంచి తీసెయ్యడానికి అది కారణం కాకూడదని చెప్పాను. కొత్త మార్కుల కాగితం ఇచ్చాను. ఆయన చాలా మర్యాదగా తీసుకున్నారు.

"మీరు ఇంత నిజాయితీగా చెప్పడం మంచి విషయం మేడం. కానీ బిల్డింగు రిపేరు అయిపోయింది, ట్యూటర్ని వేశాం, అక్కడి పిల్లలు వస్తున్నారు. ఇప్పుడు వాళ్ళ దగ్గర తీసి వీళ్ళకి ఇవ్వలేం కదండీ."

"తియ్యమనడం లేదండీ. లంకలో ఇంకొకటి..."

"వచ్చే ఏడు చూద్దామండీ."

గూడెం పక్క ఊళ్ళో ఆ కేంద్రంలో చదువుకుంటున్న పిల్లలు ఏం తప్పు చేశారు? వాళ్ళకీ అది అవసరమే. ఆయన చెప్పింది కాదనలేకపోయాను. టీ తాగి వచ్చేశాను.

లంకకి వెళ్ళి చెప్పాలని స్టాటిస్టిక్స్ అమ్మాయి ఎప్పుడూ అనలేదు. నాకే వెళ్ళాలనిపించింది, వెళ్ళడానికి భయం వేసి వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి వెళ్ళేసరికి ఆవిడ కూతురు పదో తరగతి రాసేసింది. లెక్కల్లో పోయింది.

ఈసారి నేను కుర్చీ వద్దని ఆవిడ పక్కనే గడప మీద కూర్చున్నాను. అది కూడా నటనలా అనిపించింది నాకే. ఏం చెప్పాలో బస్సులో అనుకుంటూ వచ్చాను కానీ అక్కడికి వచ్చాక మాటలు వరస తప్పాయి. మీరు చెప్పినదే ఇంకొకరు చెప్తే ఎక్కువ మార్కులు వేశానని, మీకు తక్కువ వేశానని, దాన్ని చూసి మీ ఊరికి రావాల్సిన చదువుల గది రాలేదని చెప్పాను.

ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు రాయకపోయినా మాకు ఇవ్వరులెండి," అంది. కోపం లేదు ఆ గొంతులో. నాకు నచ్చజెప్తున్నట్టు ఉంది.

అది నిజమో కాదో నాకు తెలియదు. నిజమైతే నా తప్పు తేలికవుతుందా అన్నదీ తెలియదు.

"మీకు పిల్ల చదువు మీద ఆసక్తి ఉందో లేదో తెలియాలంటే నేను ఏం అడిగి ఉండాల్సిందండీ?" అన్నాను.

ఆవిడ పెరట్లో గిన్నెలు తోముతున్న కూతురి వైపు చూసింది. "పట్టుబడికి పిల్లని కూడా తీసుకెల్తే ఇంకో కూలి వత్తదండి. ఈ వీధిలో చాలామంది తీసుకెల్తారండి, తప్పదు. పదో తరగతి అయ్యేదాకా నేను దీన్ని తీసుకెల్లలేదండి. అది అడగలేదండి మీరు."

నా ప్రశ్నల కాగితంలో బడికి ఎన్నిసార్లు వెళ్ళారు అని ఉంది. ఇంట్లో చదువుకునే బల్ల ఉందా, పేపరు వేయించుకుంటారా అని ఉంది. పిల్లని ఎన్ని రోజులు పనికి తీసుకెళ్ళకుండా ఆపారు అన్నది లేదు. మా ఇంట్లో ఎవరూ అలా ఆపాల్సిన అవసరం రాలేదు కాబట్టి ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

అంతలో కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చి తల్లి వెనక నిలబడింది. మా మాటలు వింటూనే ఉంది కాబోలు.

"మేడం గారండి, మా అమ్మకి ఎన్ని మార్కులు వేశారండి?"

"రెండు," అన్నాను.

"పదికాండి?"

"ఐదుకి."

ఆ పిల్ల లోపల ఏదో లెక్క వేసుకుంది. "ఎందుకండి?" అంది.

నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ ప్రశ్నకి నేను క్లాసులో అయితే రెండు గంటలు చెప్పగలను. మనం పెరిగిన ఇల్లు, మన కళ్ళకి అలవాటైన మనుషులు, వాళ్ళ మాటతీరు, ఇవన్నీ మనకి తెలియకుండా ఎలా పనిచేస్తాయో. ఆ గడప మీద మాత్రం, "నాకు తెలియలేదమ్మా," అన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకి తెలుసు. తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

లెక్కల సప్లిమెంటరీకి ఫీజు కట్టాను, పుస్తకాలు పంపాను, ఆదివారాలు ఫోన్‌లో చెప్తానన్నాను. మొదటి రెండు ఆదివారాలు ఫోన్ ఎత్తింది. తర్వాత ఆకివీడు వైపు ఒక రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి కుదిరింది. వాళ్ళ నాన్నకి మళ్ళీ ఆపరేషన్ పడింది. పిల్ల పరీక్ష రోజు వెళ్ళలేదని వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీరు ఏమీ అనుకోకండి అంది. సాయంత్రం చదువుకునే గది ఉండి ఉంటే ఆ పిల్ల లెక్కల్లో గట్టెక్కేదా? ట్యూటరు ఉన్నంత మాత్రాన గట్టెక్కుతారని ఏముంది? ఈ ప్రశ్నని ఎన్ని వైపుల నుంచి చూసినా తేలదు. తేలని చోట నేను నాకు అనుకూలమైన జవాబు వైపే జరుగుతున్నానని ఒక్కోసారి గమనించుకుంటాను.

పాత థీసిస్ పక్కన పెట్టేసి మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నాను. మా గైడు గారు రిటైరయ్యారు, కొత్త గైడు గారికి ఇది టైము దండగ అనిపిస్తోంది. ఈసారి ప్రశ్నలు లంకలో ఆడవాళ్ళతోనూ, గూడెంలో ఆడవాళ్ళతోనూ కూర్చుని రాశాను. దేనికి ఎన్ని మార్కులో ముందే కాగితం మీద పెట్టి, ఆ తర్వాతే ఇళ్ళకి వెళ్ళాం. మాట్లాడేది ఒకరు, మార్కులు వేసేది వేరే ఇద్దరు. ఆ ఇద్దరికీ ఊరు తెలియదు; నేను మాట్లాడని ఇళ్ళకి ఆ ఇద్దరిలో నేనూ ఒకదాన్ని. అందరినీ ఒకే మాటలతో, మీరు అనే అడగాలి. అయినా మొన్న ఒక కాగితం చదువుతుంటే, ఇది చెరువుల మీద పనిచేసే ఇల్లే అని నాకు మూడో లైనులోనే తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్పలేను. తెలిసిన వెంటనే మనసు కాస్త కరిగి, ఒక మార్కు ఎక్కువ వేశాను. అది కూడా తప్పే. కొట్టేసి ఆ కాగితం స్టాటిస్టిక్స్ అమ్మాయికి ఇచ్చేశాను.

"ఇది నేను వెయ్యకూడదమ్మా," అన్నాను.

"మీరు వెయ్యగలిగేవి ఎన్ని మిగిలాయండీ మేడం?" అంది. ఎత్తిపొడవడం కాదు, లెక్క కోసం అడిగింది. చూస్తే చాలా తక్కువే ఉన్నాయి.

కిందటి నెల ఆ ఆఫీసులో మీటింగు పెట్టారు, కొత్త కేంద్రాల గురించి. మా కాలేజీ తరఫున నన్ను పంపారు. అదే ఆఫీసరు గారు. తెర మీద స్లైడ్లు వేస్తూ, కొల్లేటి ఊళ్ళ దగ్గరికి వచ్చేసరికి, "ఇక్కడ తల్లిదండ్రుల సహకారం తక్కువ అని మనకి ఒక స్టడీ ఉంది," అన్నారు. తెర మీద ఉన్నది నా పాత పట్టిక. కింద నా పేరు. నేను లేచి నిలబడ్డాను. అది తప్పు పట్టికండీ, నేనే వేశాను, సరిచేసిన కాగితం మీకు ఇచ్చాను అన్నాను. హాల్లో అందరూ నా వైపు తిరిగారు.

"అవునవును, మీరు చెప్పారు మేడం. నోట్ చేసుకుంటామండీ," అన్నారాయన. పక్కనున్న క్లర్కు ఏదో రాసుకున్నాడు. తర్వాతి స్లైడ్ వచ్చింది, అందరూ తెర వైపు తిరిగారు. కాసేపు నిలబడి, కూర్చున్నాను.